బిల్ రస్సెల్: ప్రతి జూన్‌లో మళ్ళీ వచ్చే సందేహాలు

జూన్‌లో అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏ ఫైనల్స్ ముగిసి, "బిల్ రస్సెల్ ట్రోఫీ" అని టీవీలో వినబడగానే నాకు ఫోన్లు మొదలవుతాయి. జోర్డన్‌తోనో కోబీతోనో ఆట చూడటం మొదలుపెట్టిన తరం మనది. నలుపు తెలుపు బొమ్మల కాలం నాటి ఈ మనిషి ఎవరు, ఇంత గౌరవం ఎందుకు, 6 నంబర్ జెర్సీ గొడవేమిటి అని అడుగుతారు. విడివిడిగా చెప్పీ చెప్పీ, చివరికి అన్నీ ఒకచోట పెట్టాను. ఏ ప్రశ్న దగ్గర మొదలుపెట్టినా ఫర్వాలేదు.

## పేరు ఇప్పుడే విన్నవాళ్ళకి

బిల్ రస్సెల్ ఎవరు? రెండు ముక్కల్లో చెప్పండి.

1956 నుంచి 1969 దాకా బోస్టన్ సెల్టిక్స్ జట్టుకి సెంటర్‌గా, అంటే బాస్కెట్ దగ్గర కాపు కాసే పొడుగాటి ఆటగాడిగా, ఆడిన అమెరికన్. 13 సీజన్లలో 11 సార్లు చాంపియన్. చివరి రెండు సార్లూ ఆటగాడూ ఆయనే, కోచ్ కూడా ఆయనే. ఎన్‌బీఏలో హెడ్ కోచ్ అయిన మొట్టమొదటి నల్లజాతి వ్యక్తి. 1934 ఫిబ్రవరి 12న పుట్టి, 2022 జూలై 31న 88వ ఏట కన్నుమూశారు.

13 ఏళ్ళలో 11 టైటిళ్ళా? అచ్చుతప్పు కాదు కదా?

కాదు. మొదటిది 1957లో. 1959 నుంచి 1966 వరకు వరసగా ఎనిమిది. ఆపైన 1968, 1969. చేజారినవి రెండే. 1958 ఫైనల్స్‌లో ఆయన చీలమండకి దెబ్బ తగిలింది, సెయింట్ లూయిస్ హాక్స్ గెలిచింది. 1967లో విల్ట్ చాంబర్లిన్ ఉన్న ఫిలడెల్ఫియా సెల్టిక్స్‌ని ఓడించింది.

ఇంకో లెక్క ఉంది. ఏడు మ్యాచ్‌ల సిరీస్‌లో ముందు నాలుగు గెలిచినవాళ్ళదే గెలుపు. ఆయన ఆడిన సిరీస్‌లలో ఏడో మ్యాచ్ దాకా వెళ్ళినవి 10. పదీ గెలిచారు. నేను ఎప్పుడూ ఆగిపోయేది ఈ అంకె దగ్గరే. టైటిళ్ళకి జట్టు బలం కారణం అని సరిపెట్టుకోవచ్చు. చావో రేవో తేలే మ్యాచ్‌లు పదికి పది గెలవడాన్ని అలా సరిపెట్టలేం.

అప్పట్లో ఉన్నవే ఎనిమిది జట్లు. గెలవడం సులువే కదా?

ఈ మాటలో కొంత నిజం ఉంది. ఆయన చేరినప్పుడు లీగ్‌లో 8 జట్లే. డివిజన్‌లో మొదటి స్థానం వస్తే తొలి రౌండ్ ఆడే పని లేదు, రెండు సిరీస్‌లు గెలిస్తే కప్పు మీదే. ఇవాళ నాలుగు గెలవాలి. అయితే జట్లు తక్కువంటే మంచి ఆటగాళ్ళంతా ఆ కొద్ది జట్లలోనే కిక్కిరిసి ఉంటారు. మూడు రోజులకోసారి ఎదుట చాంబర్లిన్ లాంటివాడో బాబ్ పెటిట్ లాంటివాడో నిలబడతాడు. పైగా 1969 నాటికి జట్లు 14 అయ్యాయి, అప్పుడూ గెలిచారు.

సగటు 15 పాయింట్లే ఉంది. మరి గొప్ప అని ఎలా అంటారు?

మ్యాచ్‌కి 15.1 పాయింట్లు, 22.5 రీబౌండ్లు (గురి తప్పి వెనక్కొచ్చిన బంతిని పట్టడం). ఆయన షాట్ చూడముచ్చటగా ఉండేది కాదు, ఫౌల్ జరిగితే దక్కే ఫ్రీ త్రోలు మరీ అంతంత మాత్రం. అయినా ఐదు సార్లు ఎంవీపీ (సీజన్ అత్యుత్తమ ఆటగాడు). ఆ రోజుల్లో ఎంవీపీకి ఓటేసేది తోటి ఆటగాళ్ళు, అసలు విషయమంతా అక్కడే ఉంది. 1961-62 సీజన్‌నే తీసుకోండి. చాంబర్లిన్ మ్యాచ్‌కి 50 పాయింట్ల సగటుతో ఆడారు. ఆస్కార్ రాబర్ట్‌సన్ సీజన్ మొత్తం సగటునే ట్రిపుల్ డబుల్ (పాయింట్లు, రీబౌండ్లు, పాయింట్లకి దారితీసిన పాసులు మూడూ రెండంకెల్లో) చేశారు. ఆటగాళ్ళు ఓటేసింది మాత్రం రస్సెల్‌కి. అదే ఏడాది విలేఖరులు ఎంచిన లీగ్ అత్యుత్తమ జట్టులో సెంటర్ స్థానం చాంబర్లిన్‌కి దక్కింది. గ్యాలరీలోంచి చూసినవాళ్ళకి కొట్టిన బంతులు కనిపించాయి. ఎదురుగా నిలబడినవాళ్ళకి తాము కొట్టలేకపోయినవి గుర్తున్నాయి.

## లూసియానా నుంచి శాన్ ఫ్రాన్సిస్కో దాకా

ఎక్కడ పుట్టారు? చిన్నప్పటి నుంచే స్టారా?

లూసియానా రాష్ట్రంలోని మన్రోలో పుట్టారు. నల్లవాళ్ళు తల దించుకుని బతకాల్సిన దక్షిణాది అది. ఆయన చిన్నతనంలోనే కుటుంబం కాలిఫోర్నియాలోని ఓక్లండ్‌కి వలస వెళ్ళింది. పన్నెండో ఏట తల్లి కేటీ పోయారు. తండ్రి చార్లీ పెంచారు.

స్టారేమీ కాదు. మెక్లిమండ్స్ హైస్కూల్‌లో జట్టులో చోటు దక్కడమే గగనమైంది. కోచ్ జార్జ్ పౌల్స్ ఆయన్ని వదిలెయ్యకుండా అట్టిపెట్టుకున్నారు. అదే స్కూల్ జట్టులో తర్వాత బేస్‌బాల్ దిగ్గజం అయిన ఫ్రాంక్ రాబిన్సన్ కూడా ఉండేవారు.

ఆయన వల్ల కాలేజీ ఆట రూలే మార్చారట, నిజమేనా?

నిజమే. పిలిచి స్కాలర్‌షిప్ ఇచ్చింది శాన్ ఫ్రాన్సిస్కో విశ్వవిద్యాలయం ఒక్కటే. సొంత జిమ్ కూడా లేని కాలేజీ. కోచ్ ఫిల్ వూల్పర్ట్, తోడు కె.సి. జోన్స్. ఈ జట్టు 1955, 1956 జాతీయ టైటిళ్ళు గెలిచింది. మధ్యలో వరసగా 55 మ్యాచ్‌ల్లో ఓటమి లేదు. బాస్కెట్ కింద ఆయన్ని ఆపడం ఎవరి తరమూ కాకపోవడంతో, దాడి చేసే ఆటగాడు ఎక్కువసేపు నిలబడకూడని ఆ రంగు వేసిన భాగాన్ని 6 అడుగుల వెడల్పు నుంచి 12 అడుగులకి పెంచారు. దాన్ని ఇప్పటికీ రస్సెల్ రూల్ అంటారు. విచిత్రం ఏమిటంటే పెంచాక కూడా ఆయనే గెలిచారు.

ఖాళీ దొరికితే హైజంప్ చేసేవారు. 6 అడుగుల 9 అంగుళాల పైన దూకి, 1956లో ప్రపంచ స్థాయి జంపర్ల సరసన నిలిచారు.

ఒలింపిక్స్ ఆడారా?

ఆడారు. 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో అమెరికా జట్టు కెప్టెన్. ఫైనల్లో సోవియట్ యూనియన్‌ని 89-55 తేడాతో ఓడించారు. ఆ పోటీలు నవంబర్, డిసెంబర్ నెలల్లో జరిగాయి కాబట్టి సెల్టిక్స్‌లో తొలి సీజన్ మధ్యలో చేరారు. చేరిన సీజన్‌లోనే కప్పు వచ్చింది.

అంత మంచి ఆటగాణ్ణి బోస్టన్ ఎలా పట్టింది?

బోస్టన్ కోచ్ రెడ్ ఆవర్‌బాక్‌కి పాయింట్లు కొట్టేవాళ్ళు ఉన్నారు, రీబౌండ్ పట్టేవాడు లేడు. కొత్త ఆటగాళ్ళని జట్లు వంతులవారీగా ఎంచుకునే డ్రాఫ్ట్‌లో, 1956లో, రెండో ఎంపిక హక్కు సెయింట్ లూయిస్ హాక్స్‌ది. దాని కోసం స్టార్ సెంటర్ ఎడ్ మెకాలేని, క్లిఫ్ హేగన్ హక్కుల్ని ఇచ్చేశారు. మెకాలేది సెయింట్ లూయిసే. ఆయన కొడుకు జబ్బుతో ఉండటంతో సొంతూరు వెళ్ళడానికి ఆయనా ఒప్పుకున్నారు. మొదటి ఎంపిక ఉన్న రోచెస్టర్ రస్సెల్‌ని వదిలేసింది. బోస్టన్ యజమాని వాళ్ళకి ఐస్ షోలు ఇప్పిస్తానని మాటిచ్చాడనే కథ ఒకటి ఇప్పటికీ తిరుగుతుంటుంది. హాక్స్ చేసుకున్న బేరం మరీ తీసిపారేసేదేమీ కాదు, వచ్చిన ఇద్దరూ 1958లో వాళ్ళకి కప్పు గెలిపించారు.

## సెల్టిక్స్‌లో 13 ఏళ్ళు

బ్లాక్, అంటే షాట్‌ని గాల్లోనే చేత్తో ఆపడం, అందరూ చేస్తారు. ఆయన చేసినదాంట్లో వింతేముంది?

ఇప్పటి ఆటగాళ్ళు షాట్‌ని బ్లాక్ చేస్తే బంతి మూడో వరస ప్రేక్షకుడి ఒళ్ళో పడుతుంది. చప్పట్లు మోగుతాయి. బంతి మాత్రం మళ్ళీ ఎదుటి జట్టుకే వెళుతుంది. రస్సెల్ అలా చేసేవారు కాదు. బంతిని వేళ్ళతో మెల్లిగా తట్టి కోర్టులోనే ఉంచేవారు, తన జట్టువాడి చేతిలో పడేలా. అక్కడి నుంచి సహచరుడు బాబ్ కూజీ అందుకుని ఫాస్ట్‌బ్రేక్ (మెరుపు ఎదురుదాడి) మొదలుపెట్టేవారు. అవతలివాళ్ళు షాట్ వేశామనుకుంటూ ఉండగానే ఇటువైపు రెండు పాయింట్లు పడిపోయేవి. ఒక్క బ్లాక్‌తో నాలుగు పాయింట్ల తేడా.

ఇంకోటి, ఆయన ఎడమచేతి వాటం. కుడిచేత్తో షాట్ వేసేవాడికి ఎదురుగా లేచేది సరిగ్గా ఆ ఎడమ చెయ్యే. మూడోది మనసుకి సంబంధించిన సంగతి. ప్రతి షాట్‌నీ బ్లాక్ చెయ్యనక్కర్లేదు, చేస్తాడేమోనన్న జంకు ఉంటే చాలు. మొదటి పది నిమిషాల్లో రెండు ఆపితే, మిగతా మ్యాచ్ అంతా అవతలివాడు బంతి కంటే ముందు ఆయన ఎక్కడున్నాడో వెతుక్కునేవాడు. అలా వెతుక్కుంటూ తప్పిన షాట్ ఏ లెక్కలోకీ ఎక్కదు.

మొత్తం ఎన్ని బ్లాకులు చేశారు?

చెప్పడానికి లెక్క లేదు. ఎన్‌బీఏ బ్లాకుల్ని అధికారికంగా లెక్కపెట్టడం 1973-74 సీజన్‌లో మొదలైంది, అప్పటికి ఆయన ఆట మానేసి నాలుగేళ్ళు. తన ప్రధాన విద్యకి ఒక్క అంకె కూడా లేకుండా ఇంత పేరు తెచ్చుకున్న ఆటగాడు ఇంకొకరు నాకు తట్టడం లేదు. రీబౌండ్లు మాత్రం లెక్కలో ఉన్నాయి. మొత్తం 21,620. ఒక్క మ్యాచ్‌లో అత్యధికం 51, 1960 ఫిబ్రవరి 5న సిరక్యూజ్ జట్టు మీద.

ఆయన ఆటలో ఒక్క ఘట్టమే చెప్పమంటే ఏది చెబుతారు?

చాలామంది 1962 ఫైనల్స్ ఏడో మ్యాచ్ అంటారు. లాస్ ఏంజెలెస్ లేకర్స్ మీద 30 పాయింట్లు, 40 రీబౌండ్లు, ఓవర్‌టైమ్‌లో 110-107. నేను మాత్రం 1957 చెబుతాను. హాక్స్‌తో ఏడో మ్యాచ్, నిర్ణీత సమయం చివరి క్షణాలు. జాక్ కోల్‌మన్ మధ్యగీత దగ్గర బంతి అందుకున్నాడు, ముందు ఎవరూ లేరు. రస్సెల్ అప్పుడు కోర్టు రెండో చివర, గీత అవతల ఉన్నారు. అక్కడి నుంచి పరుగు లంకించుకుని వచ్చి ఆ లేఅప్‌ని (బాస్కెట్ పక్కకి వచ్చి వేసే సులువైన షాట్‌ని) ఆపేశారు. మ్యాచ్ రెండు ఓవర్‌టైమ్‌లకి వెళ్ళి 125-123తో బోస్టన్‌కి తొలి కప్పు వచ్చింది. అప్పటికి ఆయన లీగ్‌లోకి వచ్చి నిండా ఐదు నెలలు కాలేదు.

చాంబర్లిన్‌తో శత్రుత్వమా, స్నేహమా?

రెండూ, తర్వాత మౌనం, మళ్ళీ స్నేహం. ప్లేఆఫ్స్‌లో, అంటే కప్పు కోసం జరిగే చివరి దశ పోటీల్లో, ఎనిమిది సిరీస్‌లు ఎదురుపడ్డారు, ఏడు రస్సెల్ జట్టువి. అంకెల్లో చాంబర్లిన్‌దే పైచేయి. ఒకే మ్యాచ్‌లో 55 రీబౌండ్ల రికార్డు ఆయన పెట్టింది 1960 నవంబర్‌లో రస్సెల్ మీదే. ఆ మ్యాచ్ కూడా బోస్టనే గెలిచింది, అదీ వీళ్ళిద్దరి కథ.

కోర్టు బయట థాంక్స్‌గివింగ్ పండగకి రస్సెల్ చాంబర్లిన్ ఇంటికి భోజనానికి వెళ్ళేవారు. 1965లో చాంబర్లిన్‌కి లక్ష డాలర్ల కాంట్రాక్ట్ వచ్చిందని తెలిసి, తనకి 1,00,001 కావాలని పట్టుబట్టి తీసుకున్నారు. ఆ ఒక్క డాలర్‌లో ఎంత చిలిపితనం ఉందో అంత పంతమూ ఉంది. 1969 ఫైనల్స్ ఆఖరి మ్యాచ్‌లో చాంబర్లిన్ మోకాలి నొప్పితో బయటికి వెళ్ళడాన్ని రస్సెల్ తర్వాత బహిరంగంగా తప్పుపట్టారు. ఇరవై ఏళ్ళకి పైగా మాటల్లేవు. చివరికి రస్సెల్ క్షమాపణ చెప్పుకున్నారు. 1999లో చాంబర్లిన్ పోయే నాటికి మళ్ళీ దగ్గరయ్యారు.

మ్యాచ్‌కి ముందు వాంతులు చేసుకునేవారట?

అవును, పెద్ద మ్యాచ్‌ల ముందు ఆందోళనతో. ఆ శబ్దం వినబడకపోతే జట్టువాళ్ళకి కంగారుగా ఉండేదట.

ఆడుతూనే కోచ్‌గా ఎలా చేశారు?

1966లో ఆవర్‌బాక్ తప్పుకుంటూ ఆ పదవి రస్సెల్‌కి అప్పజెప్పారు. అసిస్టెంట్లు లేరు. రీబౌండ్ పట్టడం, టైమ్‌అవుట్ అడగడం, ఎవర్ని దించాలో తేల్చుకోవడం అన్నీ ఒక్కరే. తెల్ల ఆటగాళ్ళ పట్ల పక్షపాతం లేకుండా ఉండగలరా అని మొదటి రోజే ఒక విలేఖరి అడిగారు. ఉండగలను అన్నారు. అప్పటిదాకా ఉన్న తెల్ల కోచ్‌లకి ఈ ప్రశ్న ఎవరూ వేసినట్టు లేదు. మొదటి ఏడాది ఓడారు, తర్వాత రెండేళ్ళూ గెలిచారు.

1969లో బెలూన్ల కథ ఏమిటి?

ఆ ఏడాది సెల్టిక్స్ ముసలి జట్టు. డివిజన్‌లో నాలుగో స్థానం. అటువైపు లేకర్స్‌లో జెర్రీ వెస్ట్, ఎల్జిన్ బేలర్, కొత్తగా చాంబర్లిన్. మే 5న ఏడో మ్యాచ్ లాస్ ఏంజెలెస్‌లో. గెలుపు ఖాయం అనుకున్న లేకర్స్ యజమాని జాక్ కెంట్ కుక్ సీలింగ్‌కి వలల్లో వేల బెలూన్లు కట్టించారు. సంబరం ఎలా జరగాలో కాగితాలు అచ్చేయించి పంచారు, బ్యాండు మేళం సహా. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్న సామెత ఇంతకన్నా అతికే సందర్భం ఉండదు. చివర్లో డాన్ నెల్సన్ వేసిన బంతి రింగ్ వెనక అంచుకి తగిలి, నిలువునా పైకి లేచి, అదే రింగ్‌లో పడింది. 108-106. బెలూన్లు పైనే ఉండిపోయాయి. 35 ఏళ్ళ రస్సెల్‌కి అదే ఆఖరి మ్యాచ్.

## కోర్టు బయట

అంత గెలిపించినా బోస్టన్ ఆయన్ని బాగా చూడలేదంటారు. నిజమా?

నిజం. ఆయన కుటుంబం బోస్టన్ దగ్గర రెడింగ్ అనే ఊళ్ళో ఉండేది. వాళ్ళు లేని సమయంలో ఇంట్లోకి చొరబడి గోడల మీద జాతి తిట్లు రాశారు, ట్రోఫీలు పగలగొట్టారు, పడక మీద మలం వదిలి వెళ్ళారు. అదే ఊరు ఆయనకి సన్మాన సభ కూడా పెట్టింది. వరసగా చాంపియన్లు అవుతున్న రోజుల్లో కూడా సొంత స్టేడియం బోస్టన్ గార్డెన్ చాలా రాత్రులు నిండేది కాదు, ఐస్ హాకీకే జనం ఎక్కువ. అందుకే తను ఆడేది బోస్టన్ కోసం కాదని, సెల్టిక్స్ కోసమని ఆయన విడదీసి చెప్పేవారు. ఆ తేడా ఆయనకి మాటల గారడీ కాదు. డ్రెస్సింగ్ రూమ్‌లో ఉన్న మర్యాద వీధిలో లేదు. 1964 డిసెంబర్ 26న ఐదుగురు నల్ల ఆటగాళ్ళతో మ్యాచ్ మొదలుపెట్టిన తొలి ఎన్‌బీఏ జట్టు కూడా ఈ సెల్టిక్సే.

లెక్సింగ్టన్‌లో మ్యాచ్ బహిష్కరించిన సంగతి చెప్పండి.

1961 అక్టోబర్. కెంటకీలోని లెక్సింగ్టన్‌లో హాక్స్‌తో ప్రదర్శన మ్యాచ్. బస చేసిన హోటల్ కాఫీ షాపులో శాం జోన్స్‌కి, సాచ్ సాండర్స్‌కి తిండి పెట్టం అన్నారు. రస్సెల్, మిగతా నల్ల ఆటగాళ్ళు ఆడమని తేల్చి చెప్పి విమానమెక్కి వెళ్ళిపోయారు. తెల్లవాళ్ళతోనే మ్యాచ్ జరిగింది. ఇలాంటివి ఊరికే మింగేసుకోవడం రివాజుగా ఉన్న రోజులవి.

ఉద్యమాల్లో పాల్గొన్నారా, పేరు మాత్రమేనా?

1963లో పౌరహక్కుల కోసం జరిగిన వాషింగ్టన్ మహా ప్రదర్శనకి వెళ్ళారు. అదే ఏడాది మిసిసిపీలో పౌరహక్కుల నాయకుడు మెడ్గర్ ఎవర్స్‌ని కాల్చి చంపారు. మరుసటి వేసవిలో ఎవర్స్ అన్న చార్లెస్ పిలుపు మీద రస్సెల్ జాక్సన్ నగరానికి వెళ్ళి నల్ల పిల్లల్నీ తెల్ల పిల్లల్నీ కలిపి బాస్కెట్‌బాల్ నేర్పారు. అక్కడ ఆ పని ప్రాణాలతో చెలగాటం. 1967లో వియత్నాం యుద్ధానికి వెళ్ళనన్న ముహమ్మద్ అలీకి అండగా క్లీవ్‌లండ్‌లో కూర్చున్న క్రీడాకారుల్లో ఆయన ఒకరు. 2017లో, 83 ఏళ్ళ వయసులో, ఒబామా చేతుల మీదుగా 2011లో అందుకున్న దేశ అత్యున్నత పౌర పురస్కారం మెడల్ ఆఫ్ ఫ్రీడమ్ మెడలో వేసుకుని, జాతి వివక్షకి నిరసన తెలుపుతున్న అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాళ్ళకి మద్దతుగా మోకాలి మీద కూర్చున్న ఫోటో పెట్టారు.

ఆటోగ్రాఫ్ ఇచ్చేవారు కాదట. పొగరా?

పొగరనే అప్పట్లో రాశారు. కాగితం మీద గీత కంటే చెయ్యి కలిపి రెండు మాటలు మాట్లాడటం మేలని ఆయన వాదన. తర్వాతి కాలంలో డబ్బు తీసుకుని సంతకాలు చేశారు, అదీ దాచలేదు.

## ఆట మానేశాక

జెర్సీ రిటైర్ చేసింది (ఆ నంబర్ ఇంకెవరికీ ఇవ్వకుండా గౌరవంగా పక్కన పెట్టింది) ఖాళీ స్టేడియంలోనా?

అవును. 1972 మార్చి 12న, తలుపులు తెరవక ముందు, పాత సహచరుల్నీ ఆవర్‌బాక్‌నీ పక్కన పెట్టుకుని 6 నంబర్ జెండా పైకెత్తించారు. ఆయన షరతు అదే. 1999 మే 26న మళ్ళీ నిండు సభలో చేశారు. జనం లేచి నిలబడి ఆపకుండా చప్పట్లు కొడుతుంటే ఆయన కళ్ళు చెమర్చాయి.

బాస్కెట్‌బాల్ దిగ్గజాల గౌరవ మందిరం, హాల్ ఆఫ్ ఫేమ్‌ని ఎందుకు వద్దన్నారు?

1975లో ఎంపికైతే వేడుకకి వెళ్ళలేదు. తనకంటే ముందు వెళ్ళాల్సిన నల్ల ఆటగాళ్ళు ఉన్నారన్నది ఆయన పట్టు. ఎన్‌బీఏ డ్రాఫ్ట్‌లో ఎంపికైన మొదటి నల్లజాతి ఆటగాడు చక్ కూపర్‌కి 2019లో ఆ గౌరవం దక్కింది. అదే ఏడాది, కొద్దిమంది స్నేహితుల మధ్య, రస్సెల్ తన హాల్ ఆఫ్ ఫేమ్ ఉంగరం తీసుకున్నారు. నలభై నాలుగేళ్ళు! 2021లో కోచ్ హోదాలో కూడా హాల్ ఆఫ్ ఫేమ్‌కి ఎంపికయ్యారు.

వేరే జట్లకి కోచ్‌గా చేశారా?

1973-77లో సియాటిల్ సూపర్‌సోనిక్స్‌ని తొలిసారి ప్లేఆఫ్స్‌కి తీసుకెళ్ళారు. 1987-88లో శాక్రమెంటో కింగ్స్‌తో మాత్రం కుదరలేదు, సీజన్ మధ్యలోనే తప్పించారు.

## పోయాక మిగిలినవి

6 నంబర్ ఇక ఎవరూ వేసుకోకూడదా? మరి లెబ్రాన్?

ఆయన పోయిన పదకొండు రోజులకి, 2022 ఆగస్టు 11న, ఎన్‌బీఏ 6 నంబర్‌ని లీగ్ మొత్తంలో రిటైర్ చేసింది. ఆ గౌరవం ఎన్‌బీఏలో ఇంకెవరికీ లేదు. అప్పటికే వేసుకుంటున్నవాళ్ళు కొనసాగించవచ్చన్నారు. లెబ్రాన్ జేమ్స్ ఒక సీజన్ వేసుకుని 2023-24లో 23కి మారిపోయారు. అమెరికా బేస్‌బాల్‌లో నల్లవాళ్ళకి ఉన్న అడ్డుగోడని బద్దలుకొట్టిన జాకీ రాబిన్సన్ 42 నంబర్‌కి ఇలాంటి గౌరవం ఉంది. 1972లో రాబిన్సన్ శవపేటిక మోసినవాళ్ళలో రస్సెల్ ఒకరు.

ఫైనల్స్ ఎంవీపీ ట్రోఫీకి ఆయన పేరు పెట్టారు. ఆయన ఎన్నిసార్లు గెలిచారు?

ఒక్కసారి కూడా లేదు. ఆ అవార్డు మొదలైందే 1969లో, ఆయన ఆఖరి ఫైనల్స్‌లో. అది కూడా ఓడిన జట్టులోని జెర్రీ వెస్ట్‌కి ఇచ్చారు. 2009లో రస్సెల్ పేరు పెట్టాక చాలా ఏళ్ళు ఆయనే వచ్చి అందజేసేవారు.

బోస్టన్ వెళితే ఆయన విగ్రహం ఎక్కడ చూడొచ్చు?

సిటీ హాల్ ప్లాజాలో. 2013 నవంబర్ 1న ఆవిష్కరించారు. చుట్టూ 11 రాతి దిమ్మెలు ఉన్నాయి, ఎందుకో మీకు ఈపాటికి తెలిసే ఉంటుంది. అక్కడ బంతిని బాస్కెట్‌లో వేస్తూ కాకుండా పాస్ ఇస్తున్న భంగిమలో నిలబడ్డారు.

ఆయన నవ్వు గురించి అందరూ ఎందుకంత చెబుతారు?

పగలబడి, కీచుగా, గది దాటి వినిపించే నవ్వు. కోచింగ్ మానెయ్యాలనిపించేది ఆ నవ్వు విన్నప్పుడే అని ఆవర్‌బాక్ వేళాకోళమాడేవారు. 2017లో జీవిత సాఫల్య పురస్కారం ఇస్తూ వేదిక మీద ఐదుగురు మహా సెంటర్లని నిలబెట్టారు: కరీం అబ్దుల్ జబ్బార్, షకీల్ ఓనీల్, డికెంబే ముటోంబో, డేవిడ్ రాబిన్సన్, అలోంజో మోర్నింగ్. 83 ఏళ్ళ రస్సెల్ ఒక్కొక్కరి వైపూ వేలు చూపించి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, మీ అందర్నీ చితక్కొట్టేవాణ్ణి అన్నారు. అందరికంటే ముందు నవ్వింది ఆ ఐదుగురే.